అందరూ బాగుందన్నారు, అయినా వెళ్లిపోతున్నారు

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో డెలివరీ మేనేజర్‌ని. వయసు ముప్పై ఎనిమిది. మా కంపెనీలో సుమారు ఆరు వందల మంది ఉన్నారు. సగానికి పైగా నా ఈడు వారే, అంటే ముప్పై నుంచి నలభై అయిదు మధ్య వారు. ఏడాదిగా ఈ వయసు వారు ఒకరి తరువాత ఒకరు రాజీనామా చేస్తున్నారు. కొత్తగా వచ్చిన ఎండీ గారు ‘మన మిలీనియల్స్ మన పని సంస్కృతి గురించి ఏమనుకుంటున్నారో తేల్చండి’ అని ఒక కమిటీ వేసి దాని బాధ్యత నాకు అప్పగించారు. మార్చిలో హెచ్‌ఆర్ వారు ఆన్‌లైన్ సర్వే పెట్టారు. పేర్లు అడగలేదు. అయిదుకు 4.2 వచ్చింది. వ్యాఖ్యల పెట్టెను ఎక్కువ మంది ఖాళీగా వదిలేశారు, రాసిన కొద్దిమంది ‘అంతా బాగుంది’ అన్నారు. కానీ క్యాంటీన్‌లో, క్యాబ్‌లో అదే మనుషులు చెప్పేది వేరు. రాత్రి కాల్స్ గురించి, సెలవుల గురించి, పదోన్నతుల గురించి నా దగ్గర మనసు విప్పి మాట్లాడతారు. నెలాఖరుకు బోర్డుకు నివేదిక ఇవ్వాలి. క్యాంటీన్ మాటలు అందులో రాయవచ్చా? రాస్తే ఎవరన్నారని అడుగుతారు. రాయకపోతే తెలిసి తెలిసి అబద్ధం రాసినట్టవుతుంది. ఇంకొక సంగతి. రెండో కాన్పు సెలవు ముగించుకుని వచ్చాక నాకు రావలసిన పదోన్నతి రెండుసార్లు తప్పిపోయింది. నేనూ ఆ మిలీనియల్స్‌లో ఒకదాన్నే కదా, నా సంగతి కూడా చేర్చవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఎండీ గారు అడిగినదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మనసులో ఉన్నది రాసి ఇస్తే చిక్కు వస్తుందని మీ సహోద్యోగులు అనుకుంటున్నారు. మీ కంపెనీ పని సంస్కృతి మీద వారి మొదటి అభిప్రాయం ఇదే. 4.2 అనే అంకె దీని తరువాతి మాట. వ్యాఖ్యల పెట్టెను ఖాళీగా వదిలినవారు జవాబు చెప్పలేదనుకోకండి. చెప్పారు.

పేర్లు అడగలేదన్నారు. మరి విభాగం అడిగారా? వయసు, స్త్రీయా పురుషుడా, కంపెనీలో చేరి ఎన్నేళ్లయింది? ఆఫీసు ఐడీతోనే సర్వేలోకి వెళ్లవలసి వచ్చిందా? విశ్లేషణకు పనికొస్తాయని మామూలుగా ఇవన్నీ అడుగుతారు. టెస్టింగ్ విభాగంలో ముప్పై అయిదు దాటి, ఆరేళ్లకు పైగా పనిచేస్తున్న ఆడవాళ్లు ఎందరుంటారు? ఇద్దరో ముగ్గురో. ఇక పేరుతో పనేముంది? పద్ధతిగా సర్వేలు చేసేవారు అయిదుగురి కంటే చిన్న గుంపుల ఫలితాలను విడిగా చూపించకపోవడం ఇందుకే. పైగా మీవాళ్ల వృత్తే సాఫ్ట్‌వేర్. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో నమోదు చేసే ఏర్పాట్లను స్వయంగా తయారుచేసేవాళ్లకు ‘మీరెవరో మాకు తెలియదు’ అని చెబితే, నవ్వుకుని, అన్నిటికీ నాలుగు నొక్కి పేజీ మూసేస్తారు.

మార్చిలో పెట్టడం ఇంకో విచిత్రం. ఏడాది రేటింగులు మేనేజర్ల దగ్గర తేలుతున్న నెల అది. ఆ నెలలో మేనేజర్ ఎలాంటివాడని అడిగితే చేదు మాట ఎవరు రాస్తారు?

వయసు సంగతి కూడా చూడండి. ఇరవై మూడేళ్ల కుర్రవాడు తెగించి నిజం రాసేయగలడు, పోతే మరో ఉద్యోగం వెతుక్కుంటాడు, అంతవరకు నాన్న ఇంట్లో భోజనం ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి నల్లగండ్లలోనో మియాపూర్‌లోనో ఫ్లాటు, దాని మీద ఇరవై ఏళ్ల అప్పు, ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు, తెనాలిలోనో కరీంనగర్‌లోనో మోకాళ్ల నొప్పులతో అమ్మానాన్న ఉంటారు. ప్రతి నెలా ఈఎంఐ కట్టవలసిన చెయ్యి సర్వేలో మూడు కంటే తక్కువ నొక్కదు.

మరి అంత భయం ఉన్నవాళ్లు రాజీనామాలెలా చేస్తున్నారు? ఇక్కడ వైరుధ్యమేమీ లేదు. నచ్చని చోట మనిషికి రెండు దారులుంటాయని, ఒకటి నోరు విప్పడం, రెండోది వెళ్లిపోవడం అని ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే వివరించాడు. మొదటి దారి మూసుకుపోయిన కొద్దీ రెండోది రద్దీ అవుతుంది. మీ దగ్గర జరుగుతున్నది అదే. బయటి ఆఫర్ చేతికి వచ్చేదాకా అయిదుకు నాలుగు, వచ్చిన మర్నాడు రాజీనామా ఉత్తరం. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి ఉంటారు. అందరూ అలాగే రాస్తారు, ఎందుకంటే రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం ఇంకా మీ హెచ్‌ఆర్ చేతిలోనే ఉంటాయి.

ఇప్పుడు మిలీనియల్స్ అనే మాటకు వద్దాం. 1981 నుంచి 1996 వరకు పుట్టినవారిని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం ఈ పేరుతో లెక్కిస్తుంది. అమెరికా చరిత్రను దృష్టిలో పెట్టుకుని కట్టిన లెక్క అది. దాన్ని తెచ్చి హైదరాబాద్ ఆఫీసులో అతికించి ‘ఈ తరానికి ఓపిక తక్కువ, ఫోను ఎక్కువ’ అని మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ నివేదికలో అలాంటి వాక్యం ఒక్కటి కూడా రానివ్వకండి. మీ తరానికి సొంత చరిత్ర ఉంది, బోర్డు సభ్యులకు గుర్తు చేయవలసింది దాన్నే.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మీలో పెద్దవాళ్లు ఇంటర్ చదువుతున్నారు. ఇంజినీరింగ్ సీటు వస్తే జీవితం స్థిరపడినట్టేనని ఇంటింటా చెప్పుకున్న కాలం. తరువాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, ఇంటిలో మొదటి ఇంజినీర్లు వేల సంఖ్యలో తయారయ్యారు. మీ ఈడు వారు ఉద్యోగాల్లో చేరుతున్న రోజుల్లోనే, 2009 జనవరి 7న, సత్యం కంప్యూటర్స్ చైర్మన్ లెక్కల్లో ఏడు వేల కోట్ల రూపాయలకు పైగా మోసం జరిగిందని తన చేత్తో తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అంతకు కొద్ది నెలల ముందే, 2008లో, ఉత్తమ కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు ఆ కంపెనీకే వచ్చింది. మీ లాబీలో గోడ మీద విలువల పట్టిక ఒకటి వేలాడుతూ ఉంటుంది కదా? నలభై ఏళ్ల ఉద్యోగి దాని ముందు నుంచి ఆగకుండా నడిచి వెళ్లిపోవడానికి ఒక కారణం అక్కడుంది.

ఆ తరువాతివి మీకు తెలిసినవే. 2020లో పడకగది ఆఫీసయింది. 2021, 2022లలో మనుషులు దొరక్క కంపెనీలు ఎగబడ్డాయి. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం వదిలి వెళ్లేవారి రేటు 28.4 శాతానికి చేరింది. ఆ ఏడాదే, రెండో ఉద్యోగం చేస్తున్నారని మూడు వందల మందిని విప్రో తీసేసింది. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు వారానికి డెబ్బై గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ ఆ అంకెను తొంభైకి పెంచి, ఆదివారం ఇంట్లో ఉండి భార్య ముఖం ఎంతసేపని చూస్తారని అడిగారు. అదే ఏడాది జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే దాదాపు పన్నెండు వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి వారినే అన్నది. అంటే ఎవరిని? మీ ఈడు వారిని.

ఇన్ని చూసినవాళ్లకు నమ్మకం తగ్గిందంటే అది స్వభావ లోపమా? వీళ్లు తిరుగుబాటుదారులు కారు, నాకు తెలిసినంతలో చాలా ఓపికైన మనుషులు. కాకపోతే యాజమాన్యం మాటను వినరు, చేతను చూస్తారు. ఎవరికి పదోన్నతి వచ్చింది, ఎవరిని తీసేసినప్పుడు ఎలా తీసేశారు, తండ్రి ఆసుపత్రిలో ఉన్నవాడికి మేనేజర్ ఏం మెసేజ్ పెట్టాడు. ఇవి గుర్తుపెట్టుకుంటారు. శుక్రవారం క్యారమ్స్ పోటీ, సంక్రాంతి ముగ్గులు, పిజ్జా డబ్బాలు వాళ్లకు ఇష్టం లేక కాదు. పిజ్జా తింటారు, అభిప్రాయం మాత్రం మార్చుకోరు.

రాత్రి కాల్స్ అన్నారు. మీ నివేదికకు గుండెకాయ అదే కావాలని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర. నవంబరులో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి మార్చి దాకా ఏడున్నర. క్లయింటు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటే అదే ఉదయం తొమ్మిది మనకు రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అంటే క్లయింటు కాఫీ తాగుతూ మీటింగు మొదలుపెట్టే వేళ, ఇక్కడ ఏడేళ్ల పిల్ల హోంవర్కు, అన్నం, నిద్ర. భూమి గుండ్రంగా ఉన్నందుకు ఎవరినీ తప్పుపట్టలేం, ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. మీవాళ్ల బాధ ఇది కాదు. రాత్రి పదకొండుకు కాల్ ముగించిన మనిషి మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు గేటు దగ్గర కార్డు గీకాలన్న నియమం చూడండి, బాధ అక్కడుంది. రాత్రి రెండు గంటలు లెక్కలోకి రావు, ఉదయం పది నిమిషాలు లెక్కలోకి వస్తాయి. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి గచ్చిబౌలి చేరడానికి పట్టే సమయం మీకు నేను చెప్పాలా?

సర్వేలో ‘పనికీ జీవితానికీ సమతూకం ఉందా’ అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు మనిషి ఏం చెబుతాడు, ఉందనే అంటాడు. అతని దృష్టిలో అసలు ప్రశ్న వేరు: క్లయింటుకూ మనకూ ఉన్న ఆ గంటల తేడా ఖరీదు ఎవరు కడుతున్నారు? కంపెనీ కడుతున్నదా, నా భార్య కడుతున్నదా? మీ బోర్డు ముందు ఈ ప్రశ్నను ఇలాగే పెట్టండి.

భార్య అన్నాను కాబట్టి ఒక మాట. ‘మేమూ ఈ వయసులో రాత్రింబవళ్లు పనిచేశాం, ఇలా అనలేదు’ అని బోర్డులో ఒక పెద్దమనిషి తప్పకుండా అంటాడు. నిజమే, చేశారు. ఆయనకు ముప్పై ఎనిమిది ఉన్నప్పుడు రాత్రి తొమ్మిదికి ఫోను మోగితే, పిల్లలకు అన్నం పెట్టడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండి ఉంటారు. మీ తరంలో చాలా ఇళ్లలో ఆ ఇంకో మనిషి కూడా పక్క గదిలో తలుపు వేసుకుని అదే వేళకు ఇంకో కాల్‌లో ఉన్నారు. తరం మారడమంటే, మీ ఆఫీసు వరకు, ముఖ్యంగా ఇదే. మిగతా ఫిర్యాదుల్లో చాలావాటికి తరంతో సంబంధం లేదు. మధ్యవయసు ఎవరికైనా అవే చిక్కులు తెస్తుంది, ఇప్పటి ఇరవై అయిదేళ్ల వాళ్లు కూడా ఇంకో పదేళ్లకు అవే చెబుతారు.

రేటింగుల గురించి ఎక్కువ చెప్పను. టీములో ఇంతమందికి తప్పనిసరిగా తక్కువ ఇవ్వాలనే బెల్ కర్వ్ పద్ధతి మీ దగ్గర ఇంకా ఉంటే, ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి. మైక్రోసాఫ్ట్ అలాంటి పద్ధతిని 2013లోనే వదిలేసింది, ఇన్ఫోసిస్ 2015లో వదిలేసింది. అంత చాలు.

ఇప్పుడు మీ అసలు చిక్కు. క్యాంటీన్ మాటలు రాయవద్దు. వారిని అడగకుండా ఒక్క మాట కూడా రాయవద్దు. పేరు లేకుండా రాసినా సరే. ‘మా అబ్బాయి పుట్టినరోజు నాడు కేకు ముందు కూర్చుని క్లయింటు కాల్‌లో మాట్లాడాను’ అన్న వాక్యం చదవగానే ఆ టీములో నలుగురికి అది ఎవరో తెలిసిపోతుంది. వాళ్లు మీతో మాట్లాడినది స్నేహితురాలిగా. కమిటీ బాధ్యురాలిగా వినే హక్కు మీకు ఇవ్వలేదు. ఆ నమ్మకాన్ని నివేదికకు ఖర్చు పెడితే ఆ తరువాత క్యాంటీన్‌లో మీ బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు, అది న్యాయమే కూడా. ఆ మాటల్లో ఎక్కడైనా లైంగిక వేధింపు సంగతి ఉంటే దాని దారి వేరు. పది మంది, అంతకు పైన ఉన్న ప్రతి సంస్థలోనూ 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది. ఆ అమ్మాయికి ఆ దారి చూపించి, వెళ్లాలో వద్దో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. సంస్కృతి నివేదికలో అది ఉదాహరణ కాకూడదు.

అయితే క్యాంటీన్ మాటలు మీకు వేరే విధంగా పనికొస్తాయి. ఎక్కడ తవ్వాలో అవి చెబుతాయి, తవ్వడం మాత్రం కంపెనీ రికార్డుల్లో. రాత్రి కాల్స్ గురించి ఎవరి నోటి వెంటా వినవలసిన పని లేదు. ఏడు గంటల తరువాత మొదలైన మీటింగులు నెలకు ఎన్ని, ఏ టీములో ఎక్కువ, క్యాలెండర్ సర్వరు చెబుతుంది. సెలవులు దొరకడం లేదంటున్నారా? ఏడాది చివర వాడుకోకుండా మురిగిపోయిన సెలవులు ఎన్నో, ఏ మేనేజర్ కింద ఎక్కువ మురిగాయో జీతాల విభాగం దగ్గర ఉంటుంది. రాజీనామాలు ఏ నెలల్లో వస్తున్నాయో చూడండి. అప్రైజల్ ఉత్తరాలు ఇచ్చిన తరువాతి రెండు నెలల్లో గుట్టగా వస్తున్నాయంటే కారణం అడగనక్కరలేదు. మేనేజర్ మారిన తరువాత ఒక టీములో వరసగా వెళ్లిపోయారా? అదీ కనిపిస్తుంది. ఒకే పనికి పాత ఉద్యోగి జీతం, నిన్న చేరినవాడి జీతం పక్కపక్కన పెట్టి చూడమని హెచ్‌ఆర్‌ను అడగండి. ఇవ్వరేమో. ఇవ్వకపోతే, అడిగామనీ ఇవ్వలేదనీ నివేదికలో రాయండి, మర్యాదగా.

ఈ పద్ధతిలో గొప్ప సుఖం ఏమిటంటే ‘ఎవరన్నారు’ అని ఎవరూ అడగలేరు. క్యాలెండర్ అన్నది.

రికార్డులు ఎంత జరిగిందో చెబుతాయి, అది మనుషులకు ఎలా తగిలిందో చెప్పవు. దానికి మాట్లాడక తప్పదు. అయితే మీరు మేనేజర్. మీ కింద పనిచేసేవారితో మీరు కూర్చోకూడదు. ఇతర విభాగాలవారితో కూర్చోండి, మీ విభాగంతో కమిటీలో ఇంకొకరిని కూర్చోబెట్టండి. ఐచ్ఛికంగా వచ్చేవారే రావాలి. నలుగురైదుగురు చాలు, రికార్డింగు వద్దు, ల్యాప్‌టాప్ తెరవవద్దు. ఏం రాసుకున్నారో చివర్లో వారికే చదివి వినిపించి, వద్దన్నది అక్కడే కొట్టేయండి. ఇది చూస్తే తరువాతి గుంపు ఇంకొంచెం ధైర్యంగా వస్తుంది.

అభిప్రాయం అడగకండి. ‘మన సంస్కృతి ఎలా ఉంది’ అంటే మళ్లీ ‘బాగుంది’ అనే వస్తుంది. జరిగినది అడగండి. కిందటిసారి మీకు జ్వరం వచ్చినప్పుడు ఏమైంది? సెలవు పెట్టిన రోజు ఎన్ని ఫోన్లు వచ్చాయి? ఇది సరికాదని మీటింగులో ఎవరైనా పైవాళ్లతో అన్న సందర్భం చెప్పండి, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నారు? మీ టీములో ఈమధ్య పదోన్నతి వచ్చినవారికి ఎందుకు వచ్చిందని మీరనుకుంటున్నారు? ఈ చివరి ప్రశ్న ఒక్కటి చాలు, గంట మాట్లాడతారు. వెళ్లిపోయేవారిని అడగడం ఎలాగూ చేస్తారు కాని, ఎనిమిదేళ్లుగా ఉండిపోయినవారిని ‘మీరెందుకు ఉన్నారు’ అని అడిగేవారే ఉండరు. వాళ్లను అడగండి. కొందరు తమ మేనేజర్ మంచివాడని చెబుతారు. ఆ పేరు కూడా నివేదికకు కావాలి, మంచి సంగతి కాబట్టి అనుమతి అడిగి రాయవచ్చు. మరికొందరు ‘ఇంకెక్కడికి వెళ్తాం’ అంటారు. సర్వే లెక్కలో ఇద్దరూ సంతృప్తి చెందిన ఉద్యోగులే.

ఈ మాటలన్నీ రాస్తే పరిస్థితి ఘోరంగా కనిపిస్తుందేమోనని మీ కమిటీలో ఎవరైనా వెనకాడవచ్చు. వారికి అమీ ఎడ్మండ్సన్ అనే అమెరికన్ పరిశోధకురాలి అనుభవం చెప్పండి. 1990లలో ఆమె ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువగా కనిపిస్తాయని ఆమె ఊహ. లెక్క తీస్తే ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ చేయడం వల్ల కాదు, దాచకుండా చెప్పుకోవడం వల్ల అని తరువాత ఆమె గ్రహించింది. గూగుల్ తన టీముల మీద కొన్నేళ్లు పరిశోధన చేసుకుని, మంచి టీముకు మొట్టమొదటి లక్షణం ఆ నిర్భయమేనని తేల్చుకున్నది. మీ కంపెనీలో ఫిర్యాదులు వినిపించడం మొదలైతే ఎండీ గారు మొదటి ఏడాది కంగారు పడకూడదని ముందే చెప్పి ఉంచండి. వచ్చే సర్వేలో 4.2 కాస్తా 3.6 అయితే అది మంచి వార్త కూడా కావచ్చు.

ఎండీ గారి దగ్గరికి నివేదిక కంటే ముందే ఒకసారి వెళ్లండి, పది నిమిషాలు చాలు. ఆయన కొత్తవారు, ఇది మీకు కలిసొచ్చే సంగతి. పాత తప్పులేవీ ఆయనవి కావు. ఒక్కటి అడగండి: ఇందులో తేలినవాటిలో ఏదో ఒకటి, చిన్నదైనా సరే, మూడు నెలల్లో మారుస్తానని మాట ఇస్తారా? రాత్రి కాల్ ఉన్నవారికి మర్నాడు ఉదయం గేటు వేళ సడలించడం పైసా ఖర్చు లేని పని. ఆ మాట ఇవ్వడానికి కూడా ఆయన వెనకాడితే మీరు సేకరించడం అక్కడితో ఆపేయండి. మార్చే ఉద్దేశం లేకుండా మనుషుల గోడు వినడం అసలు వినకపోవడం కంటే చెడ్డది. అప్పుడు రికార్డుల లెక్కలు మాత్రం రాసి ఇచ్చి చేతులు కడుక్కోండి. ఇంకో చిన్న సంగతి, ఆ డెబ్బై గంటలు, తొంభై గంటల గొడవ జరిగినప్పుడు మీ పైవాళ్లలో ఎవరైనా లింక్డ్‌ఇన్‌లో చప్పట్లు కొట్టారేమో వెతకండి. కొట్టి ఉంటే మీ ఉద్యోగులు చూసే ఉంటారు. సర్వేలో దాని జవాబు కూడా కలిసి ఉంది.

చివరగా మీ పదోన్నతి. మీ సొంత సంగతిని పేరు లేని ఉదాహరణగా నివేదికలో దూర్చకండి. ఎవరికైనా తెలిసిపోతుంది, తెలిసిన క్షణం నుంచి నివేదిక మొత్తాన్ని ‘ఆవిడ కోపం’ అని పక్కన పెట్టేస్తారు. ఆరు వందల మంది గోడు ఆ ఒక్క సాకుతో కొట్టుకుపోతుంది. దానికి బదులు ఈ అయిదేళ్లలో కాన్పు సెలవు నుంచి తిరిగి వచ్చిన స్త్రీలందరి లెక్క తీయించండి. తరువాతి పదోన్నతికి వారికి ఎంత కాలం పట్టింది, అదే స్థాయిలోని మగవారికి ఎంత పట్టింది. అయిదుగురి కంటే తక్కువ మంది తేలితే ఆ పట్టిక అచ్చు వేయకండి, పైన చెప్పిన చిన్న గుంపు సమస్యే మళ్లీ. ఎండీ గారికి నోటితో చెప్పండి. పట్టిక వేస్తే దాని కింద ఒక వాక్యం రాయండి: ఈ నివేదిక రాసినవారు కూడా ఈ లెక్కలో ఉన్నారు. మీరే ముందు చెబితే ఇంకెవరూ వేలెత్తి చూపలేరు.

మీ కేసును విడిగా, మీ పేరుతో, తేదీలతో హెచ్‌ఆర్‌కు రాయండి. రెండుసార్లూ ఎందుకు రాలేదో రాతపూర్వకంగా కారణం అడగండి. కాన్పు సెలవు కాలంలో ఉద్యోగ షరతులను ఉద్యోగినికి నష్టం కలిగేలా మార్చకూడదని ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. మీ రేటింగు తగ్గించడానికి ఆ ఆరు నెలల గైరుహాజరునే కారణంగా చూపి ఉంటే ఆ కాగితం జాగ్రత్త చేసుకుని, కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించండి. పాత చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చి, ఇప్పుడు ఈ కోడ్‌లోనూ ఉన్న నియమం ప్రకారం యాభై మంది, అంతకు పైన ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునే వీలుండాలి. మీ కంపెనీలో ఆరు వందల మంది. కేంద్రం ఉందా? మీ సర్వేలో క్యాంటీన్ రుచి గురించి ప్రశ్న ఉండే ఉంటుంది, దీని గురించి ఉందా? లేకపోతే ఇది అభిప్రాయాలతో తేలే విషయం కాదు కాబట్టి, నివేదికలో మొదటి పేజీలోనే పెట్టండి.

నెలాఖరు గడువు మాత్రం కుదరదు. అప్రైజల్ ఉత్తరాలు చేతికి అంది, బోనసు ఖాతాలో పడేదాకా ఎవరూ నోరు విప్పరు. ఎండీ గారిని ఇంకో రెండు నెలలు అడగండి. రికార్డుల పని ఈలోగా మొదలుపెట్టుకోవచ్చు, మాట్లాడటం ఆ తరువాత. బోర్డు ఆగదంటే, రికార్డుల లెక్కలతో రెండు పేజీలు ఇప్పుడు ఇచ్చి, మిగతాది వచ్చే త్రైమాసికం సమావేశానికి ఇస్తామని అందులోనే రాయండి.